లలితకుమారి వెంట వచ్చిన అల

ఊరు మారాల్సి వచ్చినప్పుడల్లా ద్వారకానాథ్ ముందు భార్యని ఎక్కడికైనా షికారు తీసుకెళ్ళేవాడు. ఆయనది గనుల ఇంజనీరు ఉద్యోగం. గని ఎక్కడుంటే కాపురం అక్కడ. కాకినాడ నుంచి ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీ వచ్చే ముందు అరకు చూపించాడు. కాల్గూర్లీ నుంచి బ్రోకెన్ హిల్ వెళ్ళే ముందు మార్గరెట్ రివర్ తీసుకెళ్ళి, గుహలన్నీ తిప్పి, బయటికొచ్చి కాఫీ తాగుతుండగా సంగతి చెప్పాడు. లలితకుమారి ప్రతిసారీ కప్పు కిందపెట్టి, "సామాన్లు ఎప్పటికి సర్దాలి?" అని మాత్రం అడిగేది.

చివరికి పెర్త్ చేరి, కానింగ్ వేల్‌లో ఇల్లు కొనుక్కున్నారు. కూతురు అక్షర మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్ళింది. ఎప్పుడో చదివి మూలపడేసిన కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఇన్నాళ్ళకి పనికొచ్చి, లలితకుమారికి దగ్గర్లోని హైస్కూల్లో లాబ్ టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. పొద్దున్నే తెల్లకోటు మడిచి సంచీలో పెట్టుకుని, ఆయన లంచ్ బాక్స్ టేబుల్ మీద పెట్టి, తన కారులో తను వెళ్ళిపోయేది. సాయంత్రం వచ్చి ఏ పిల్లాడు ఏ పరీక్షనాళిక పగలగొట్టాడో చెప్పేది. ద్వారకానాథ్ టీవీ చూస్తూ ఊఁ కొట్టేవాడు.

అలాంటప్పుడు ఆయనకి దేశానికి ఆ చివరనున్న మౌంట్ ఐసా గనిలో పెద్ద ఉద్యోగం వచ్చింది. అక్కడికక్కడే ఫోన్లో సరేననేశాడు. ఇంటికొచ్చి, "స్కూలు సెలవుల్లో క్వీన్స్‌లాండ్ వెళ్దామా? మార్లో ఐలండ్ అని ఉందిట. స్కూటర్ అద్దెకి తీసుకుని దీవంతా చుట్టి రావచ్చుట" అన్నాడు.

లలితకుమారి పప్పులో పోపు పెడుతోంది.

"వెళ్దాం" అంది వెనక్కి తిరక్కుండానే.

మార్లో ఐలండ్‌కి తూర్పువైపు పగడపు దిబ్బల వరసలో ఒక ఖాళీ ఉంది. మహాసముద్రం ఆ సందులోంచి నేరుగా లోపలికొచ్చి పెద్ద పెద్ద అలలుగా విరుగుతుంది. అందుకని ఏడాది పొడుగునా సర్ఫింగ్ బోర్డులు చంకన పెట్టుకున్న మనుషులు ఆ దీవికి వస్తూనే ఉంటారు. ఫెర్రీ దిగగానే రేకుల షెడ్డులో స్కూటర్లు అద్దెకిచ్చేది గ్లెనిస్ అనే పెద్దావిడ. ఎండకి కమిలిపోయిన చేతులు, కాళ్ళకి హవాయి చెప్పులు.

"ఉన్నది ఒకటే రోడ్డు. బండిని ఇసకలోకి దించకండి. అలలేవైనా వెంటపడితే ఉప్పు పట్టకుండా కడిగి ఇవ్వండి" అంది తాళం చేతికిస్తూ.

"మేం నీళ్ళలోకి దిగం. మాకు ఈత రాదు" అన్నాడు ద్వారకానాథ్.

"సరే, హెల్మెట్లు అక్కడున్నాయి."

కాలేజీ రోజుల్లో చేతక్ మీద ఇద్దరిని ఎక్కించుకుని ఉప్పాడ బీచ్ రోడ్డంతా తిరిగినవాడు ద్వారకానాథ్. స్కూటర్ తనకో లెక్క కాదనుకున్నాడు. కానీ ఈ బండికి గేర్లు లేవు. క్లచ్ ఉండాల్సిన చోట బ్రేకు ఉంది. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆయన ఎడమచెయ్యి పాత అలవాటు కొద్దీ క్లచ్ నొక్కేది, బండి ఠక్కున ఆగేది, వెనక లలితకుమారి హెల్మెట్ వచ్చి ఆయన హెల్మెట్‌కి కొట్టుకునేది.

"కాస్త ఆపుకోలేవా?" అన్నాడు మూడోసారికి.

"దేన్ని?" అంది ఆవిడ.

ఆయన ఊహించుకున్న షికారు ఇది కాదు. గాలికి చున్నీ ఎగురుతుండగా, సముద్రం పక్కన నెమ్మదిగా వెళ్తూ, ఒక మంచి చోట ఆపి, సంగతి చెప్పేద్దామనుకున్నాడు. తీరా చూస్తే చెమట కళ్ళలోకి కారుతోంది. వెనకొచ్చే కార్లు హారన్ కొట్టకుండా ఓపిగ్గా వెంట వస్తున్నాయి. హారన్ కొట్టినా బాగుండేది.

తూర్పు తీరం చేరాక చెట్టు నీడన బండి ఆపి, తువ్వాలు పరిచి, "కూర్చో లలితా, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు.

"ఒక్కసారి కాళ్ళు తడుపుకొస్తాను" అని ఆవిడ పైజమా అంచు మడుచుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళింది.

అలలు ఒక్కొక్కటే వచ్చి ఆవిడ పాదాలు తడిపి వెనక్కి పోతున్నాయి. అందులో ఒకటి వెనక్కి పోలేదు. మోకాలెత్తు అల, పైన కొంచెం నురగ. ఆవిడ ఒడ్డుకి తిరిగి నడుస్తుంటే అది కూడా ఇసక మీద చిన్నగా బుసకొడుతూ వెంట వచ్చింది. తువ్వాలు దగ్గరికి వచ్చి, ఆవిడ కూర్చోగానే పక్కన ఆగింది. తువ్వాలు సగం తడిసింది.

"ఇదేమిటి?" అన్నాడు ద్వారకానాథ్ చిరాగ్గా.

"వచ్చింది" అంది లలితకుమారి.

"పొమ్మను."

"మీరే చెప్పండి."

ఆయన లేచి చేతులూపి అదిలించాడు. అల కదల్లేదు, ఆయన బూట్లలోకి మాత్రం నీళ్ళొచ్చాయి. బోర్డు పట్టుకుని పోతున్న ఒకతను ఆగి చూసి, "బుల్లిదే పాపం" అనేసి వెళ్ళిపోయాడు. మాట చెప్పే సందర్భం కాస్తా చెడిపోయింది.

మళ్ళీ బండెక్కారు. ఆయన వీలైనంత వేగంగా పోనిచ్చాడు. అద్దంలో చూస్తే తారు రోడ్డు మీద, తెల్లగీత పక్కనే, ట్రాఫిక్ రూల్ తెలిసినట్టు ఎడమవైపునే అల వస్తోంది. దాని వెనక ఒక పాల వ్యాను, రెండు కార్లు. మలుపు దగ్గర లలితకుమారి వెనక్కి తిరిగి చూసి, "కొంచెం మెల్లిగా పోనివ్వండి, దానికి ఎత్తు ఎక్కడం కష్టంగా ఉంది" అంది.

"నాకూ కష్టంగానే ఉంది" అన్నాడాయన.

భోజనానికి ఫిష్ అండ్ చిప్స్ కొట్టు దగ్గర ఆగారు. కొట్టతను తలుపు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టి, "అల బయట ఉండాలి" అన్నాడు. అల బయట, కుక్కల కోసం పెట్టిన నీళ్ళ గిన్నె పక్కన ఆగింది. లలితకుమారి చిప్స్ తింటూ కిటికీలోంచి దానికేసి చూస్తోంది.

"ఇన్నేళ్ళలో నాకింత మంచి అవకాశం రాలేదు లలితా" అని ద్వారకానాథ్ ఎత్తుకున్నాడు. అప్పుడే తలుపు సందులోంచి ఒక పాయ నీళ్ళు జారి వచ్చి, వాళ్ళ టేబుల్ కిందకి చేరి, ఆవిడ పాదాల చుట్టూ తిరిగాయి. కొట్టతను మాప్ తెచ్చి ద్వారకానాథ్ చేతికిచ్చాడు. నలుగురూ చూస్తుండగా ఆయన నేల తుడిచాడు. తుడిచినంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు.

ఇక మిగిలింది దీవి మధ్యలో కొండ మీద చుట్టూ సముద్రం కనిపించే లుకౌట్. అక్కడైనా తెగ్గొట్టి చెప్పేయాలనుకున్నాడు. సగం ఎక్కేసరికి బండి మొరాయించింది. లలితకుమారి దిగి నడిచింది. ఆయన బండిని తోస్తూ రొప్పుతున్నాడు. అప్పుడు అల వెనక నుంచి వచ్చి బండిని ఎత్తి, తేలిగ్గా పైకి తోసుకుపోయింది. హ్యాండిల్ వదల్లేక ద్వారకానాథ్ దాంతోపాటు పరిగెత్తాడు. పైకి చేరేసరికి నడుం దాకా తడిసిపోయాడు. జేబులో ఫోన్ తీసి చూస్తే తెర నల్లగా ఉంది.

లలితకుమారి తీరిగ్గా నడిచి వచ్చింది. బెంచీ మీద కూర్చుంది. అల ఆవిడ వెనక నిలబడింది. పొద్దుటికన్నా ఎదిగింది అది, ఆవిడ భుజం దాకా వచ్చింది.

"మనం మౌంట్ ఐసా వెళ్తున్నాం" అన్నాడు ద్వారకానాథ్, ప్యాంటు పిండుకుంటూ.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"స్కూటర్ అన్నారుగా."

ఆయన ప్యాంటు రెండో కాలు కూడా పిండుకున్నాడు. "చీఫ్ ఇంజనీరు పోస్టు. ఇల్లు వాళ్ళే ఇస్తారు. నీకూ అక్కడ ఏదో ఒకటి దొరుకుతుంది."

"వాళ్ళకేం చెప్పారు?"

"సరేనన్నాను."

"నన్ను అడగలేదు."

"ఇంతకుముందు మాత్రం అడిగానా?" అన్నాడాయన. తనని సమర్థించుకోడానికే అన్నాడు. అన్నాక ఆ మాట తనకే ఎలాగో వినిపించింది.

లలితకుమారికి కోపం వచ్చినట్టు లేదు. ఎండలో మెరుస్తున్న నీళ్ళకేసి చూస్తూ, "అక్కడ సముద్రం ఉందా?" అని అడిగింది.

"ఎడారి మధ్యలో సముద్రం ఏమిటి?"

"మరి దీన్నేం చెయ్యను?"

"వదిలేసి రా."

"నేను పట్టుకోలేదండీ వదలడానికి. అదే వస్తోంది. ఆ ఎండలో ఒక్కరోజు కూడా ఉండలేదు."

"అయితే?"

"అయితే నేను పెర్త్‌లో ఉంటాను. స్కూలుంది. పిల్లలకి రెండో టర్ములో టైట్రేషన్ మొదలుపెడతారు, ద్రావణాలన్నీ నేనే కలపాలి." కాస్త ఆగి, "మీరు వెళ్ళండి. మంచి పోస్టు కదా" అంది.

ద్వారకానాథ్ ఇంజనీరు. ఎవరైనా కాదంటే ఒప్పించే మాటలు ఆయన దగ్గర చాలా ఉన్నాయి. ఇంటి అద్దె, అలవెన్సు, అక్షర ఫీజులు, ఇంకో మూడేళ్ళలో రిటైర్మెంటు, అన్నీ ముందే సిద్ధం చేసుకున్నాడు. కానీ అలని ఎడారిలో ఎలా ఉంచాలో వాటిలో లేదు. ట్యాంకు గురించి ఆలోచించాడు. ట్యాంకులో పెడితే అది అలగా ఉండదని ఆయనకే తోచింది. మళ్ళీ బండెక్కి కొండ దిగారు. ఈసారి చెయ్యి బ్రేకు మీద సరిగ్గానే పనిచేసింది, అయినా ఆయనకి సంతోషం కలగలేదు.

గ్లెనిస్ పైపు పెట్టి బండి కడుగుతూ, "రోజు బాగా గడిచిందా?" అంది.

"బాగా గడిచింది" అంది లలితకుమారి.

"లేదు" అన్నాడు ద్వారకానాథ్.

ఫెర్రీ దగ్గర గెడ్డం ఉన్న ఒకతను టిక్కెట్లు చూస్తున్నాడు. "ఆ అల ఎవరిది?" అన్నాడు.

"మాది కాదు" అన్నాడు ద్వారకానాథ్.

"నాది" అంది లలితకుమారి.

"డెక్ మీదకి రానివ్వం. పక్కనుంచి రావాలి. అది ఎవరి వెంట వస్తోందో వాళ్ళు డెక్ మీదుంటే అదీ ఎక్కేస్తుంది, వాళ్ళు కూడా నీళ్ళలోనే రావాలి మరి. త్వరగా తేల్చుకోండి, ఇదే ఆఖరి ట్రిప్పు."

లలితకుమారి చెప్పులు విప్పింది. కళ్ళజోడు తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టి, బ్యాగు ఆయన చేతికిచ్చింది.

"నీకు ఈత రాదు" అన్నాడాయన. పొద్దుట నుంచీ ఉన్న చిరాకంతా ఒక్క క్షణం ఎటో పోయి, వట్టి భయం మిగిలింది. "లలితా, వద్దు. కావాలంటే ఇక్కడే గది తీసుకుందాం."

"ఎన్నాళ్ళు తీసుకుంటాం?" అంది ఆవిడ నవ్వి. జెట్టీ మెట్లు దిగి నీళ్ళలో కాలుపెట్టింది. అల ఆవిడ కిందకి వచ్చి మెల్లిగా లేచింది. ఆవిడ రెండు చేతులూ ముందుకి ఆనించి కూర్చుంది. ఒకటి రెండుసార్లు అటూ ఇటూ ఒరిగి, సర్దుకుంది.

ఫెర్రీ కదిలింది. ద్వారకానాథ్ చెప్పులు, బ్యాగు గుండెకి ఆనించుకుని వెనక రెయిలింగ్ దగ్గర నిలబడ్డాడు. అల కాసేపు పక్కనే వచ్చింది. తర్వాత ఫెర్రీని దాటిపోయింది. ఆయన ఆవిడని చూడ్డానికి మనుషుల మధ్యనుంచి తోసుకుంటూ ముందువైపుకి వెళ్ళాల్సి వచ్చింది. దూరంగా తడిజుట్టు, పచ్చ కుర్తా, దానికింద తెల్లటి నురగ.

పక్కనున్న ఒకావిడ, "మీ భార్యా? ఎక్కడికి వెళ్తోంది?" అని అడిగింది.

"మేం వెళ్ళే చోటికే అనుకుంటున్నాను" అన్నాడు.

ఫెర్రీ ఒడ్డు చేరేసరికి ఆవిడ జెట్టీ మీద కుర్తా పిండుకుంటూ నిలబడి ఉంది. చెప్పుల కోసం చెయ్యి చాపింది.

మౌంట్ ఐసా వాళ్ళతో ద్వారకానాథ్ మళ్ళీ మాట్లాడాడు. అక్కడ రెండు వారాలు పని, తర్వాత వారం ఇంట్లో అని ఒప్పందం కుదిరింది. లలితకుమారి స్కూలుకి వెళ్తూనే ఉంది. ఆ షికారు నుంచి వాళ్ళిద్దరూ విమానంలో ఇల్లు చేరారు గానీ, అల తీరం వెంబడి దేశమంతా చుట్టి రావాలి కదా, ఆలస్యమైంది. రెండో టర్ము మొదలయ్యాక ఒక పొద్దున ఫ్రీమాంటిల్ రేవు వైపు నుంచి వచ్చి ఆవిడ కారు పక్కన ఆగింది.

మొదటి రెండు వారాల పని అయ్యి ద్వారకానాథ్ పెర్త్ ఎయిర్‌పోర్టులో దిగేసరికి, లలితకుమారి కారు తెచ్చి ఉంచింది. ఆయన అలవాటుగా డ్రైవర్ వైపుకి వెళ్ళాడు. ఆవిడ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. చుట్టూ తిరిగి వచ్చి పక్క సీటు తలుపు తీశాడు. వెనక సీటంతా అల నిండి ఉంది. ముందు కాళ్ళ దగ్గర కూడా చీలమండ లోతు నీళ్ళు.

"మేజోళ్ళు తడుస్తాయి" అన్నాడు.

"విప్పి పైన పెట్టండి" అంది ఆవిడ.

ఆయన విసుక్కుంటూనే బూట్లు, మేజోళ్ళు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. కారు కదిలింది. ఇంటి మలుపు వచ్చింది గానీ ఆవిడ తిప్పలేదు, సముద్రం వైపు పోనిచ్చింది. ద్వారకానాథ్ పాదాలు నీళ్ళలోకి ఇంకాస్త చాపుకున్నాడు.