వేలు తీసినా ఆగని నాడి

విదాద్ తన వేలికున్న నాడి క్లిప్పు తీసి బల్ల మీద పెట్టింది. ఫ్రికాసే బన్ను ఒక ముక్క కొరికి, నమలడం ఆపేసింది. తెర మీద నాడి ఇంకా కొట్టుకుంటోంది. అరవై ఆరు.

వెలుతురు పడుతోందేమోనని క్లిప్పు మీద గుడ్డ కప్పింది. అరవై ఆరు. తీగను మొత్తంగా ఊడబెరికింది. అయినా గీత, బతికున్న మనిషిదిలాగే, ఎడమ నుంచి కుడికి తీరిగ్గా నడుస్తోంది.

ట్యునీషియాలోని స్ఫాక్స్‌లో, ఈ క్లిప్పులు తయారుచేసే ఎనిమిది మంది చిన్న కంపెనీలో ఫిల్టర్ సర్క్యూట్ విదాద్ బాధ్యత. వేలి నుంచి వచ్చే సంకేతంలో చెయ్యి కదలికల్నీ, లైట్ల ప్రభావాన్నీ వడకట్టి, నాడిని మాత్రమే మిగల్చాలి. బ్యాటరీ రెండు రోజులకే అయిపోతోందని యజమాని షెద్లీ గోల పెడితే, గుణకారాలు తీసేసి కూడికలతో సరిపెట్టింది. పదహారు బిట్ల అంకెల్ని పదకొండుకు కుదించి, మిగిలిన తోకల్ని దగ్గరి అంకెకు సర్దేసింది. బ్యాటరీ ఎనిమిది రోజులు వచ్చింది. షెద్లీ కేకు తెప్పించాడు.

ఆ తోకలే ఇప్పుడు కొంప ముంచుతున్నాయి. ఈ ఫిల్టర్ తన ఫలితాన్నే మళ్లీ తనలోకి తీసుకుంటుంది. లోపలికి ఏమీ రాకపోయినా, సర్దినప్పుడల్లా చేరే ఆ పిసరు పాత అలను చావనివ్వడం లేదు. దాని తర్వాతి భాగమేమో సంకేతం నీరసంగా ఉందనుకుని దాన్ని పెద్దది చేసి చూపిస్తోంది. విదాద్ పరీక్షలన్నీ నాడి ఉన్నవాళ్ల మీదే చేసింది. నాడి లేకపోతే ఏమవుతుందో ఒక్కసారి కూడా చూడలేదు.

ఆస్పత్రి గుండె వార్డులో పన్నెండు మంది వేళ్లకు ఇవే క్లిప్పులు ఉన్నాయి, పరీక్ష కోసం. ఆమె అక్కడి నర్సు జొహ్రాకు ఫోన్ చేసింది.

“అక్కా, మా క్లిప్పులు పెట్టినవాళ్లందరికీ మీ పెద్ద మానిటర్లు కూడా ఉన్నాయి కదా?”

“ఉన్నాయిలే. ఆ నాలుగో మంచం మబ్రూక్ బాబాయే తీగలన్నీ పీకేస్తున్నాడు. ఆయన మానిటర్ తీసి పక్క మంచానికి ఇచ్చా. మీది చాల్లే, ఇదిగో నా బల్ల మీద కనిపిస్తూనే ఉంది.”

“ఎంత చూపిస్తోంది?”

“అరవై ఆరు. చాలాసేపట్నించీ అటూ లేదు, ఇటూ లేదు. ముసలాడు మనకంటే నయం!”

 బతికున్న మనిషి నాడి అంతసేపు ఒక్క అంకె మీద నిలవదు.

“అక్కా, ఇప్పుడే వెళ్లి మెడ మీద చెయ్యి పెట్టి చూడు.”

“దుప్పటి కప్పుకుని పడుకున్నాడమ్మా. లేపితే తిడతాడు.”

“తిట్టనీ! పరుగెత్తు!”

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల టపటప దూరమైంది. తర్వాత ఏమీ లేదు. విదాద్ తెర వైపు చూడకూడదనుకుని మళ్లీ చూసింది. అంతలో ఫోన్లో, ఎక్కడో దూరంగా, జొహ్రా కేక: “మంచం మీద లేడు! దిండ్లే ఉన్నాయి!” ఆ వెంటనే తలుపు దబదబా బాదుతున్న మోత.

విదాద్ కారెక్కింది. దారంతా అరవై ఆరు, అరవై ఆరు అని తనకు తెలియకుండానే గొణుగుతూ వెళ్లింది.

ఆమె ఆస్పత్రికి చేరేసరికి డాక్టర్లు మబ్రూక్‌ను లోపలికి తీసుకెళ్లారు. చేతులు కడుక్కోవడానికని క్లిప్పు తీసి దిండు కింద పెట్టి, బాత్రూంలోకి వెళ్లి గడియ వేసుకుని, పడిపోయాడట. తలుపు పగలగొట్టేసరికి నాడి ముప్ఫై.

జొహ్రా ఆమెను వాటేసుకుని ఏడ్చింది. “నువ్వు ఫోన్ చెయ్యకపోతే పోయేవాడే తల్లీ! దేవుడే చెప్పించాడు నీతో.”

విదాద్ ఆమె చేతులు విడిపించుకుని, మంచం మంచానికీ వెళ్లి మిగతా పదకొండు క్లిప్పులూ తీసి సంచిలో వేసుకుంది. అంతలో షెద్లీ వచ్చాడు. వరండా మూలకు లాక్కెళ్లి గొంతు తగ్గించాడు.

“బ్యాటరీ మార్చాలని చెప్పి పట్టుకుపోదాం. వాళ్లు నిన్ను పొగుడుతున్నారు. నోరెందుకు విప్పుతావ్?”

“షెద్లీ గారూ, అది దిండు కింద కూడా నాడి చూపించింది.”

“నాకు తెలీదా? అందుకే చెప్తున్నా, నోరు మూసుకో.”

మధ్యాహ్నం కెర్కెన్నా దీవి నుంచి పడవలో ముసలాయన కూతురు సల్వా వచ్చింది. విదాద్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.  షెద్లీ వద్దన్నా విదాద్ చెప్పేసింది.

“మీ నాన్న పడిపోయిన సంగతి తెలియకుండా చేసింది నేను కట్టిన సర్క్యూటే. ఇంకో పదకొండు మందికి కూడా అదే పెట్టాం.”

సల్వా చేతులు వదిలేసింది. 

“మిగతా పదకొండు మందికీ చెప్పావా?”

“ఇంకా లేదు. భయమేస్తోంది.”

“వెయ్యనీ. పద, నేనూ వస్తా. నువ్వొక్కదానివే చెప్తే ఎవరూ నమ్మరు. అందరూ నిన్ను ఆకాశానికెత్తేస్తున్నారు.”

ఇద్దరూ ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లి చెప్పారు. ఒకాయన తిట్టాడు. ఒకావిడ విదాద్ చొక్కా పట్టుకుని నిలదీసింది. పెద్ద డాక్టరు పరీక్షను ఆ సాయంత్రమే నిలిపేశాడు. షెద్లీ వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

తప్పు దిద్దడానికి పట్టింది ఒక్క పూట. తోకను దగ్గరి అంకెకు సర్దకుండా ఎప్పుడూ సున్నా వైపే కోసెయ్యడం, అంతే. సర్క్యూట్ రవ్వంత కూడా పెరగలేదు. వేలు తీసిన కొన్ని క్షణాల్లోనే అల చచ్చి, అంకె స్థానంలో ఖాళీ అని చెప్పే అడ్డగీత వచ్చింది. అది అంత తేలికని తెలిశాకే ఆమెకు ఒళ్లు జలదరించింది.

మూడో రోజు మబ్రూక్‌ను చూడటానికి వెళ్లింది. ఛాతీలో పేస్‌మేకర్ పెట్టారు. ఆయన తిట్టలేదు.

“పడ్డాక తెలివి తప్పలేదమ్మా” అన్నాడు నెమ్మదిగా. “జొహ్రా అవతల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం వినపడుతూనే ఉంది. పిలుద్దామంటే నోరు పెగల్లేదు.”

“ఎంతసేపు బాబాయ్?”

“ఏమో. చాలాసేపు.”

 అంతలో భోజనం వచ్చింది. ముసలాయన చెయ్యి వణుకుతుంటే చెంచా అందుకుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా సూప్ తాగించింది.