కుడివైపు జేబు

రెబ్కా టీచరు గదికి జోసఫ్ రాకపోకలు సాగిస్తున్నాడన్న సంగతి పాలెంలో పసిపిల్లలతో సహా అందరికీ తెలుసు. పుకారు అయితే సాక్ష్యం అడిగేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. దీనికి సాక్ష్యం కూడా ఉంది. సుభానీ స్టూడియో ముందు గాజు పెట్టెలో ఇరవై రోజులపాటు అందరి కళ్లెదుటా నిలబడిన ఫోటో అది. అందులో టీచరు కుర్చీలో కూర్చుని పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతోంది. ఆవిడ వెనక, కళ్లు తప్ప ముఖమంతా తువ్వాలు చుట్టుకున్న మగమనిషి. అతని చెయ్యి ఆవిడ భుజం మీద ఉంది. ఆ చేతికి గడియారం ఉంది. అది కుడి చెయ్యి. పాలెం మొత్తంలో కుడి చేతికి గడియారం కట్టుకునేవాడు ఒక్కడే: చర్చిలో డోలక్ వాయించే ఎడమచేతివాటం జోసఫ్.

ఇక తువ్వాలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కల్లాల్లో మిరపకాయ ఎండే నెలల్లో మూతికి గుడ్డ లేని మగవాడు ఆ వీధుల్లో కనబడడు. ఘాటు అలాంటిది.

నిజానికి సుభానీ ఆ ఫోటో తీసింది మనుషుల కోసం కాదు. అద్దంలో, నీళ్లలో, మెరిసే ప్రతి వస్తువులో పడే ప్రతిబింబాల మీద అతనికి పదేళ్లుగా పిచ్చి. పత్తికి మందు కలిపే పీపాలో మబ్బుల్ని తీశాడు. ఇత్తడి బిందె కడుపులో వంగిపోయిన వీధి వీధంతా తీశాడు. బస్సు డ్రైవరు పక్కనుండే అద్దంలో వెనక్కి పారిపోతున్న పెదకాకాని రోడ్డును తీశాడు. ఆ రోజు మిషను బడి పక్కన టీచరు గది కిటికీ ముందుగా పోతుంటే, మూసిన కిటికీ రెక్క అద్దంలో ఎదుటి కల్లం కనబడింది. లోపల టీచరు. ఆవిడ మీదుగా, కొండలా మిరపకాయల రాశి.

"టీచరుగారూ, ఒక్క ఫోటో" అన్నాడు.

"తీసుకోండి. నన్ను నవ్వమని మాత్రం అడక్కండి. వీళ్ల లెక్కలు చూస్తుంటే ఏడుపొస్తోంది" అంది ఆవిడ తలెత్తకుండానే.

తన బొమ్మ అద్దంలో పడకుండా పక్కవాటుగా నిలబడి, రాశి వంపు మీదే దృష్టి నిలిపి మీట నొక్కాడు. వీధిలో ఎవరో ఆగి చూస్తున్నారని గమనించలేదు. ఫోటో కడిగాక మనిషి కనిపించాడు. పోనీలే, బాగానే ఉందనుకున్నాడు. బెజవాడలో జరిగిన పోటీకి పంపితే మెచ్చుకోలు పత్రం వచ్చింది. పొంగిపోయి గాజు పెట్టెలో పెట్టాడు.

నలుపు తెలుపు ఫోటోలో మిరపకాయల రాశి మిరపకాయల్లా ఉండదు. పాలెం కంటికి అది పరుపుల దొంతరగా కనిపించింది.

ఆ మాట మొదటిసారి చెవిన పడినప్పుడు సుభానీకి నవ్వొచ్చింది. మూడో రోజుకు ఆ నవ్వు పోయింది. స్టూడియో ముందు ఎప్పుడూ ఆగనివాళ్లు ఆగుతున్నారు. గాజుకు ముక్కులు ఆనించి చూసి, పళ్ల సందుల్లోంచి నవ్వుకుంటున్నారు. సాయంత్రానికి గాజు మీద జిడ్డు ముక్కుల అచ్చులు వరసగా మిగులుతున్నాయి. అతను వాటిని తుడిచి తుడిచి ఆ గుడ్డను పారేశాడు. ముగ్గురు పెద్దమనుషులు ఒకరి తరవాత ఒకరు వచ్చి, "మాకూ ఒక కాపీ వేసివ్వవయ్యా" అని గొంతు తగ్గించి అడిగారు. మూడోవాడు చర్చి సంఘపెద్ద దానయ్య.

"మీకెందుకండీ?"

"కమిటీలో పెట్టడానికి. ఆదివారం ఆరాధన అయ్యాక విచారణ ఉంది. పాపం రుజువైతే ప్రభువు బల్లకు దూరం చేస్తాం, చర్చిలో రొట్టె ముక్క అందదు. బడిలోంచి కూడా తీసేస్తాం."

"అది అద్దంలో పడిన బొమ్మ, దానయ్యగారూ. ఆ మనిషి వీధిలో ఉన్నాడు."

దానయ్య తువ్వాలు కిందికి లాగి నవ్వాడు. "అద్దమైతే నువ్వెందుకు పడలేదయ్యా అందులో? ఎదురుగా నిలబడి తీసినోడివి నువ్వేగా?"

పక్కవాటు కోణం గురించి సుభానీ చెప్పబోయాడు. వెనకున్న నలుగురూ విరగబడి నవ్వారు. "ఏరా, అద్దం కూడా మనిషిని చూసి మొహమాటపడుద్దా?" అన్నాడొకడు. ఫోటో గాజు పెట్టెలోంచి తీసేస్తే, "తీసేశాడంటే ఉన్నట్టేగా!" అన్నారు మర్నాడు.

టీచరు వచ్చింది. మొగుడు పోయిన పదకొండేళ్లుగా ఆ బడే ఆవిడ సంసారం. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నేను మిమ్మల్ని ఏమీ అనను సుభానీగారూ. పిల్లలు నిన్న పలకమీద పరుపు బొమ్మ గీసి నా బల్ల మీద పెట్టారు. అంతే, చెప్పిపోదామని" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే సుభానీ జోసఫ్‌ను పిలిపించాడు. "ఒరేయ్, వీధిలో నిలబడ్డానని ఒక్కమాట ఒప్పుకోరా. వీధిలో ఉండటం తప్పు కాదుగా! టీచరు బయటపడుద్ది."

"ఆ రోజు నేను చీరాలలో ఉన్నానన్నా, మా చెల్లెలి పెళ్లిచూపులకి."

"మరి ఆ గడియారం ఎవరిదిరా?"

"నాకేం తెలుసు? లేనోణ్ణి ఉన్నానని ఎట్టా చెప్పను? అట్టా చెబితే వీధిలోంచి గదిలోకి నెట్టడానికి వాళ్లకెంతసేపు?"

పిరికివాడు, అనుకున్నాడు సుభానీ. వాణ్ణి చూస్తే రోత పుట్టింది. జోసఫ్ వీధిలో ఉన్నాడని తనంటాడు, చీరాలలో ఉన్నానని వాడంటాడు. ఇద్దరి మాటలూ పొసగకపోయేసరికి, ఇద్దరూ అబద్ధాలకోర్లేనని పాలెం తేల్చింది.

శనివారం మధ్యాహ్నం స్టూడియో వెనక వసారాలో సుభానీ భార్య ఫాతిమా కుట్టుమిషను తొక్కుతోంది. ఆ వీధి మగవాళ్ల చొక్కాలు సగం ఆమె కుట్టినవే. సుభానీ ఫోటోను ఆమె ముందు పడేశాడు.

"చింపెయ్యి. చూడలేను."

ఆమె మిషను ఆపి ఫోటో అందుకుంది. ముఖాల జోలికి పోలేదు, చొక్కా వంక చూసింది.

"ఏమండీ, ఈ జేబు ఏ దర్జీ కుట్టాడు?"

"జేబుకేమైంది?"

"కుడివైపుంది. మగాళ్ల చొక్కాకి కుడివైపు ఒంటి జేబు నేనెప్పుడూ కుట్టలా. ఎవరూ కుట్టరు. గుండీల పట్టీ కూడా తిరగబడింది, చూడండి."

సుభానీ ఫోటోను లాక్కుని వెలుతురులోకి పరుగెత్తాడు. పైనుంచి తొంగిచూసే అతని రెండు లెన్సుల కెమెరాలో లోకం ఎప్పుడూ కుడియెడమలు తారుమారై కనిపిస్తుంది. పదిహేనేళ్లుగా అలా చూసీ చూసీ, ఏ వైపు ఏదని అడగడమే మానేశాడు. అద్దం జేబును తిప్పితే చేతినీ తిప్పుతుంది. ఆ గడియారం ఎడమ చేతిది. జోసఫ్ చీరాలలోనే ఉన్నాడు. పాలెం ఎంత గుడ్డిగా చూసిందో, ప్రతిబింబాల నిపుణుడు తనూ అంతే గుడ్డిగా చూశాడు. పైపెచ్చు, నిజం చెప్పినవాణ్ణి పిరికివాడన్నాడు. ఈసారి రోత తన మీదే పుట్టింది.

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వరండాలో కమిటీ కూర్చుంది. మెట్ల కింద పాలెమంతా ఉంది. రెబ్కా టీచరు స్తంభం పక్కన నిలబడి ఉంది. జోసఫ్ దూరంగా గోడ దగ్గర ఉన్నాడు. సుభానీ స్టూడియోలోని నిలువుటద్దం మోసుకొచ్చి గోడకు ఆనించాడు.

"దానయ్యగారూ, ఒక్కసారి దీని ముందు నిలబడండి."

"నేనెందుకయ్యా?"

"మీకు గడియారం ఉంది. జేబున్న చొక్కా ఉంది. మెడలో తువ్వాలూ ఉంది."

నలుగురూ చూస్తుంటే తప్పక దానయ్య నిలబడ్డాడు. సుభానీ ఫోటోను అద్దం పక్కన పట్టుకున్నాడు. దానయ్య ఎడమ చేతి గడియారం అద్దంలో కుడి చేతికి వచ్చింది. ఎడమ జేబు కుడివైపుకు పోయింది. వరండాలో అందరూ ముందుకు వంగి చూశారు.

"అర్థమైంది!" అని మెట్ల కిందనుంచి ఒక గొంతు లేచింది. "అయితే ఫోటోలో ఉంది దానయ్యేరా!"

"అవునురోయ్, అదే తువ్వాలు!"

"పెద్దమనిషి! పొద్దునే ప్రార్థన, పొద్దుగూకితే కిటికీ!"

ఈలలు వినిపించాయి. దానయ్య ముఖం పాలిపోయింది. నిమిషం కిందట జోసఫ్‌ను నమిలిన నోళ్లే ఇప్పుడు కొత్త ముక్క దొరికిందని చప్పరిస్తున్నాయి. సుభానీ ఫోటోను వెనక్కి లాక్కున్నాడు. స్తంభం పక్కనుంచి టీచరు అతని వంక చూసింది. ఇదీ ఆపండి, అన్నట్టు.

"నోళ్లు ముయ్యండి!" అన్నాడు సుభానీ. అంత గట్టిగా అతను ఎప్పుడూ అరవలేదు. "ఎడమ చేతికి గడియారం ఉన్న మగాళ్లు ఈ పాలెంలో వందమంది. ఆ నెలలో తువ్వాలు లేనివాడు ఒక్కడూ లేడు. వాడెవడో నాకు తెలీదు. మీకూ తెలీదు."

జనం నిరాశపడ్డారు. కొందరు అప్పుడే ఇళ్లకు మళ్లారు. పాస్టరుగారు కమిటీ పుస్తకం తెరిచి కలం మూత తీశారు.

"మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. చెప్పండి."

సుభానీ నెమ్మదిగా చెప్పాడు, ఆయన రాసుకునేంత నెమ్మదిగా.

"ఫోటోలోని మనిషి చొక్కాకు జేబు కుడివైపు ఉంది. మగవాడి చొక్కాకు ఒంటి జేబు ఎడమవైపే కుడతారు. కాబట్టి అది గదిలోని మనిషి కాదు, వీధిలో నిలబడ్డ మనిషి ప్రతిబింబం కిటికీ అద్దంలో పడింది. ఆ సమయంలో రెబ్కా టీచరు గదిలో రెబ్కా టీచరు తప్ప ఎవరూ లేరు."