పనసచెట్టు మలుపులో నా ఊపిరి

నేను ఒక పిడికిట్లో ఇమిడేంత లోహపు పోతను. పాత మోటారు సైకిలుకి ఊపిరి అందించే కార్బురేటర్‌ని. గాలినీ పెట్రోలునీ తగిన పాళ్లలో కలిపి ఇంజనుకి పంపడం నా పని. గాలి తగ్గితే ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది, పెట్రోలు తగ్గితే దగ్గుతుంది. పాళ్లు సరిచేసుకోవడానికి నాకు రెండు స్క్రూలు ఇచ్చారు. మనుషులకి ఆ వసతి లేదని తెలిసినప్పటి నుంచి వాళ్లంటే నాకు జాలి.

ఎక్కడో దూరపు కార్ఖానాలో నన్ను అచ్చుపోశారు. అక్కడి ముఖాలేవీ గుర్తులేవు. మొదటి యజమాని బియ్యం మిల్లు గుమాస్తా. ఆయన నన్ను ఒక్కసారైనా విప్పి చూడలేదు. రెండో ఆయన వారానికోసారి విప్పేవాడు, బిగించేటప్పుడు ఏదో ఒకటి మిగిలిపోయేది. గాలి వడపోసే డబ్బా అలాగే పోయింది. అప్పట్నుంచి నా నోరు బయటికి తెరుచుకునే ఉంది.

మూడోవాడు పారినాయుడు. సాలూరులో పశువుల ఆసుపత్రి కాంపౌండరు. ఐసు పెట్టెలో టీకా మందులు కట్టుకుని ఘాట్ రోడ్డెక్కి కొండ ఊళ్లకి వెళ్లేవాడు. పొద్దున్నే స్నానం చేసి, సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకుని, నా పక్కన గొంతుక్కూచునేవాడు. నా నోటికి నోరు ఆనించి ఒకసారి గట్టిగా ఊదేవాడు. తర్వాత కళ్లు మూసుకుని ఇంజను శబ్దం వింటూ స్క్రూని వెంట్రుకవాసి తిప్పేవాడు. ఆయన భార్య ఈశ్వరమ్మ గుమ్మంలో నిలబడి నవ్వేది.

"దానికేటి, దిష్టి ఊదుతున్నావా?"

"దానికి కాదే, నాకు. ఇది బాగుంటేనే నాను ఇంటికొస్తాను."

ఆ మాట తప్పింది. నేను బాగానే ఉన్నాను, ఆయన రాలేదు.

అది శ్రావణమాసం. వాన అప్పుడే వెలిసింది. ఘాట్‌లో పనసచెట్టు మలుపు దగ్గర పారినాయుడు బండి ఆపి స్టాండు వేశాడు. ఇంజను ఆపలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని చెట్టు మొదట్లో కూర్చున్నాడు, కాసేపట్లో లేస్తాడనుకున్నాను. దారిలో మనిషి లేడు. ఆయన ఊపిరి ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. నాది మాత్రం ఆగలేదు, అంత చక్కగా కుదిర్చి పెట్టాడు మరి. ట్యాంకులో చుక్క ఉన్నంతసేపూ టక టక టకమంటూ ఆయన కోసం ఎదురుచూశాను. చివరి చుక్క అయిపోయాక నేనూ ఊరుకున్నాను. మమ్మల్నిద్దర్నీ సాయంత్రం సంత నుంచి దిగేవాళ్లు చూశారు.

ఏడాది పాటు వరండాలో గోనెపట్టా కింద ఉన్నాను. తర్వాత ఆయన తమ్ముడు సింహాచలం బన్నులూ రస్కులూ కొండ దుకాణాలకి వేసే పని పెట్టుకుని, బండి బయటికి తీశాడు. వదిన ఒకటే మాట అంది. "మీ అన్న అందులోనే ఉన్నాడు. జాగర్త."

ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం ఈశ్వరమ్మ నాకు పూజ చేసేది. తన నుదుటి మీద పెట్టుకోవడం మానేసిన కుంకుమని గంధంతో కలిపి నా కింది పెదవి మీద గుండ్రంగా అద్దేది. అక్కడ నున్నగా, చిన్న నుదురులా ఉంటుంది. ఆ చోటనే నాకు ఆవగింజంత రంధ్రం ఒకటి ఉంది. వేగం పెంచే హేండిలు వదిలేసినప్పుడు, ఇంజను మెల్లిగా ఆడేటప్పుడు, నేను గాలి పీల్చేది దాంట్లోంచే. తడి కుంకుమ అందులోకి దిగి ఎండేది. మళ్లీ శుక్రవారం మరో పొర.

నాకు నోరు ఉంది గానీ మాట లేదు. ఉన్నా చెప్పేవాణ్ణేనా?

ఊళ్లో ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. కొండెక్కే కొద్దీ గాలి పల్చనవుతుంది. పనసచెట్టు మలుపు అన్నిటికన్నా ఇరుకు, అక్కడ ఎవరైనా హేండిలు పూర్తిగా వదలాల్సిందే. వదలగానే నాకు ఊపిరాడేది కాదు. నల్లటి పొగ కక్కి ఇంజను ఆగిపోయేది. ప్రతిసారీ అదే చెట్టు కింద.

మొదటిసారి సింహాచలం పెట్రోలు చూసుకున్నాడు. రెండోసారి ప్లగ్గు తుడిచాడు. మూడోసారి చెట్టుకేసి చూసి, చెప్పులు విప్పి, "అన్నా, ఎల్లనీ" అన్నాడు. నాలుగోసారి కొబ్బరికాయ కొట్టాడు. బళ్లవాళ్లు అప్పటికే చెప్పుకోవడం మొదలుపెట్టారు, పారినాయుడు వెనక సీటెక్కుతున్నాడని. నాకు నవ్వు రాలేదు. అక్కడికి చేరేసరికి నాక్కూడా ఎవరో ఎక్కినట్టే ఉండేది.

దసరాకి వారం ముందు దుకాణదారు ఒకడు ఆలస్యమయ్యాయని బన్నులు వెనక్కి పంపించేశాడు. సింహాచలం ఇంటికొచ్చి పెట్టె దించి అన్నాడు. "ఒదినా, ఇంక నావల్ల కాదు. ఆయుధపూజ లోపల ఆ మలుపు దాటిందా సరే. నేదంటే పాత ఇనప సామాన్లోడికి ఇచ్చెత్తాను."

"మీ అన్నని తూకానికి ఏత్తావా?"

"అన్నైతే నా పొట్ట కొడతాడేటి?"

ఆమె లోపలికి వెళ్లి దేవుడి గదిలో కూర్చుంది.

తర్వాతి నాలుగు రోజులూ సింహాచలం నన్ను వదల్లేదు. స్క్రూ ఒక చుట్టు విప్పి కొండెక్కాడు, ఆగింది. ఒకటిన్నర, ఆగింది. రెండు, కిందే ఆగింది. అడుగు గిన్నె ఊడదీసి పెట్రోలుతో కడిగాడు, పెట్రోలు చిమ్మే జెట్టు ఊదాడు. వదిన పెట్టిన బొట్టుని మాత్రం చెరపకుండా చుట్టూ జాగ్రత్తగా తుడిచాడు. ఎంత భక్తి! నన్ను బండి నుంచి విప్పనేలేదు, విప్పితే బొట్టు చెదురుతుందని. విసుగొచ్చి రెండు స్క్రూలూ ఒకేసారి తిప్పాడు.

గుమ్మంలోంచి ఈశ్వరమ్మ అంది. "ఉప్పూ కారం ఒకేపాలి కుమ్మరించి రుచి సూత్తే ఏది ఎక్కువైనాదో ఎలా తెలుత్తాది? ఒక్కొక్కటే తిప్పు."

"నువ్వొచ్చి తిప్పు, ఒదినా."

"నాకేటి తెల్సు? మీ అన్న ముందు ఊదీవోడు. ఆ తరవాతే తిప్పీవోడు."

"ఎక్కడ ఊదీవోడు?"

ఆమె మెట్లు దిగి వచ్చింది. నా ముందు వంగి, చూపుడు వేలు చాపింది. వేలు తిన్నగా తన బొట్టు మీదికే వచ్చి ఆగింది.

సింహాచలం చేతిలోని గుడ్డ వెనక్కి దాచుకున్నాడు. బొట్టు తుడవడం అతని వల్ల కాదు. ఈశ్వరమ్మే పైటకొంగు తడిపి తుడిచింది. కింద రంధ్రం కనిపించింది, ఎర్రగా పూడిపోయి. తెగిన బ్రేకు వైరులోంచి ఒక్క పోగు తీసి అందులో దూర్చి తిప్పింది. పెట్రోలు పోస్తే ఎర్రటి నీళ్లలా కారింది. అప్పుడు ఆమె మోకాళ్ల మీద కూర్చుని, నా నోటికి నోరు ఆనించి, ఊదింది.

"అయితే ఇన్నాళ్లూ ఆపింది నానా?" అంది. "ఆయన కాదన్నమాట."

ఆ గొంతులో ఉపశమనం ఎంతో, దిగులు ఎంతో, ఇన్నేళ్లుగా పాళ్లు కలుపుతున్న నేనే తేల్చుకోలేకపోయాను. భక్తి తప్పని నేననను. కానీ దేవుడికైనా ఊపిరాడే చోటు వదిలి బొట్టు పెట్టాలేమో.

మర్నాడు పొద్దున్నే సింహాచలం వెనక ఆమె కూర్చుంది. స్క్రూ ఒకటింపావు చుట్టు దగ్గర ఉంది. పారినాయుడు వదిలిన చోటు అదే, సింహాచలానికి తెలియకపోయినా నాకు తెలుసు. పనసచెట్టు మలుపులో అతను హేండిలు వదిలాడు. నేను నిండా గాలి పీల్చాను. బండి మలుపు దాటిపోయింది.

"ఆపు" అంది ఈశ్వరమ్మ.

"దాటేసినాది కదా ఒదినా!"

"ఎనక్కి తిప్పు. బండి ఆపు, ఇంజనుని ఆడనీ."

చెట్టు కింద స్టాండు వేశారు. టక టక టకమంటూ నేను ఆడుతున్నాను, సరిగ్గా ఆ రోజులాగే. ఆమె చెట్టు మొదట్లో, ఆయన కూర్చున్న చోటే కూర్చుని విన్నది. చాలాసేపు విన్నది. సింహాచలం రోడ్డుకేసి తిరిగి నిలబడ్డాడు.

తర్వాత లేచి వచ్చి నా మీద అరచెయ్యి ఆనించింది. కాలుతున్నా తియ్యలేదు.

"ఆ రోజు నిన్ను ఆపినోళ్లు నేకపోయారు. ఎంతసేపని సూసేవో పాపం" అంది. తనే తాళం తిప్పింది.

నేను ఆగాను. ఆ శ్రావణమాసం నుంచి మొదలైన ఎదురుచూపు అప్పుడు ఆగింది.

ఇప్పుడు శుక్రవారం బొట్టైనా, ఆయుధపూజ బొట్టైనా ట్యాంకు మీదే పెడుతున్నారు. పొద్దున్నే సింహాచలం నా నోట్లో ఊదుతాడు, అన్నలాగే. బన్నులు వేళకి చేరుతున్నాయి. పనసచెట్టు మలుపులో ఎవరూ చెప్పులు విప్పడం లేదు. కానీ అక్కడ హేండిలు వదిలిన ఆ ఒక్క క్షణం, నాలోకి వచ్చే గాలిలో ఐసు పెట్టె చల్లదనం ఉంటుంది. ఏ స్క్రూ తిప్పితే అది పోతుందో నాకు తెలియదు. ఎవరినీ తిప్పమని అడగను.