గోనెపట్ట

అంజన్న పిట్టగోడ మీద గోనెపట్టను నాలుగు మడతలు వేసి పరిచాడు. దాని మీదుగా తాడు వేసి రెండు చేతులతో గట్టిగా లాగి చూశాడు. తీసి, ఇంకో మడత వేశాడు. పిట్టగోడ మీద పరిచిన నల్లరాయి కొత్తది. పైభాగమంతా మొహం కనపడేలా మెరుస్తున్నది కాని, బయటి అంచును ఎవరూ నున్నగా చెయ్యలేదు. వేలు రాస్తే చర్మం లేచేటట్టుంది. కనపడని చోట పని చెయ్యడం ఈ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

మూడంతస్తుల కింద వాకిట్లో అట్టలతో ఒక పట్నాన్నే కట్టారు. నీలి మేడలు, పసుపు కిటికీలు, నడుమ వేదిక. గేటు దగ్గర మనిషికి రెండింతల ఎత్తు బొమ్మలో ఆ ఇంటి పిల్లవాడు అరవింద్ ఎర్రగుడ్డ వీపున ఎగరేసుకుని, పిడికిలి ముందుకు చాచి మబ్బుల్లో పోతున్నాడు. ఇవాళ వాడికి ఐదేళ్ళు నిండుతాయి. సాయంత్రం ఆరింటికి వాడు అదే వేషంలో మిద్దె మీది నుంచి తాడుతో వేదిక మీదికి దిగాలి. దిగి కేకు కొయ్యాలి. వాడి తండ్రి శ్రీనాథ్ సీడుపత్తి ఆర్గనైజరు, పత్తి విత్తనాల కంపెనీలకూ రైతులకూ నడుమ మనిషి. గట్టు, అయిజ మండలాల రైతులు విత్తనం కోసం ఆయన గేటు ముందు నిలబడతారు. ఆయనకు ఈ ఆలోచన అందించినవాడు ఈవెంట్లు చేసే రంజిత్.

పొద్దున ఈ సంగతి విన్నప్పుడు అంజన్న, "పిల్లగాన్నా?" అని ఒక్క మాట అన్నాడు. తాడు పని తానే తీసుకున్నాడు.

"ఏంది తాతా, తాడుకు గోనె కప్పుతున్నవ్? చలి పెడుతుందా దానికి?" అన్నాడు రంజిత్, ఫోను లోంచి తల ఎత్తకుండా.

"రాయి కోస్తది."

"రెండు వందల కిలోలు ఆపే తాడు అది. పిల్లగాడు పదహారు కిలోలు లేడు."

"తాడుకు బరువుతోని భయం లేదు. రాయితోని."

పక్కన తాడు చుట్ట విప్పుతున్న ఇలియాస్ నవ్వాడు. ఫహీమ్ టెంట్ హౌస్‌లో ట్రాలీ ఆటో నడిపేది అతనే. "మా అంజన్న ఏ తాడుకైనా చెప్పులు తొడిగిస్తడు భాయ్. పెండ్లిల పందిరికైనా అంతే" అన్నాడు.

అంజన్న నవ్వలేదు. పొట్టి మనిషి. ఇరవై రెండేళ్ళు గుంజలు మోసి మోసి కుడిభుజం దిగిపోయింది. చొక్కా ఎప్పుడూ ఆ పక్కకే జారుతుంది. అరచేతుల్లో తాడు దిగిన గాట్లు. ఎడమ బొటనవేలికి గోరు లేదు, ఏదో ఊళ్ళో ఎవరిదో పెళ్ళికి మేకు కొడుతుంటే పోయింది. అది ఎవరి పెళ్ళో అతనికి తెలియదు. ఏ పెళ్ళీ చూడడు. ముగ్గులు వేయకముందే వస్తాడు, విస్తళ్ళు ఎత్తాక మళ్ళీ వస్తాడు.

అంతకు ముందు గట్టు దిక్కు బావుల్లో పూడిక తీసేవాడు. తమ్ముడు శాంతయ్య బుట్టలో దిగేవాడు, అంజన్న గిరక దగ్గర నిలబడేవాడు. ఒకరోజు తాడు గిరక తప్పి బావి ఒడ్డు రాతి మీద పడింది. ఇంకో రెండు బుట్టలే కదా అనుకున్నారు. రెండో బుట్టతోపాటు శాంతయ్య పైకి వస్తుండగా అంజన్న చేతిలో తాడు తేలికైంది. అంతే. ఆ తరువాత గోనె లేకుండా అతను ఏ తాడూ కట్టలేదు.

మధ్యాహ్నం భార్య పెంటమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె, పల్లికారం మూట విప్పుకుని ఒక కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడే శ్రీనాథ్ బయటికొచ్చాడు.

"ఏయ్ అంజిగా, లే. కుర్చీ గుడ్డలు మాసిపోతయ్. జనరేటరెనకకు పోయి తినుర్రి."

ఆ గుడ్డలు ఉతికి, ఆరేసి, మడతపెట్టింది పెంటమ్మ. శ్రీనాథ్‌కు నిండా ముప్పై ఐదేళ్ళు ఉండవు. వాడి పెళ్ళి పందిరీ అంజన్నే వేశాడు, అప్పుడూ అంజిగాడే. అంజన్న జనరేటరు వెనక్కి పోయి రొట్టె నోట్లో పెట్టుకున్నాడు కాని నమల్లేదు.

"నమిలి తినన్నా. గొంతుల పడుతది" అన్నాడు ఇలియాస్.

"నాకు గొంతు దాకనే ఉన్నది, ఇలియాసు. ఇగ జాగలేదు."

తిన్నాక ఇద్దరూ మిగిలిన కుర్చీల కోసం గోదాముకు పోయారు. తిరిగి వచ్చేసరికి ఐదు దాటింది. అంజన్న కుర్చీలు దించకుండా ముందు మిద్దె ఎక్కాడు.

పిట్టగోడ మీద గోనెపట్ట లేదు. తాడుకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నీలం రిబ్బను చుట్టి ఉంది. ఆకాశంలో తాడు కనపడకుండా.

"గోనె ఎవరు తీసిండ్రు?"

"నేనే తీసిన" అన్నాడు రంజిత్. "డ్రోన్‌ల గలీజుగా కనపడుతుంది. హీరో గోనెసంచి మీదికెల్లి దిగుతడా తాతా?"

"తీసినంక తాడు లాగిండ్రా?"

"రిబ్బను చుట్టకముందే ట్రయల్ వేసినం. బియ్యం సంచి కట్టి ఓ ఐదారు సార్లు దించినం. సూపరుగ దిగింది."

అంజన్న వంగి రాతి అంచు మీద వేలు పెట్టాడు. పొడిలాగా ఏదో అంటింది. అది తాడు నూగో, సున్నపు పొడో తెలియలేదు. "గీ పట్టీ విప్పు. నేను తాడు చూడాలె."

"విప్పుడా? గంటన్నర పట్టింది చుట్టనీకె."

శ్రీనాథ్ కొడుకును ఎత్తుకుని పైకి వచ్చాడు. పిల్లవాడి వీపున ఎర్రగుడ్డ, కళ్ళకు అట్ట ముసుగు. నడుముకు బెల్టు అప్పటికే బిగించారు.

"ఏందిరా లొల్లి? చుట్టాలొచ్చే యాళ్ళయింది."

"సారూ, తాడు రాయికి ఒరిసింది. గోదాముల ఇంకోటున్నది, అరగంటల తెస్త. లేకుంటె పిల్లగాన్ని మెట్ల మీదికెల్లి తోలుకపోండ్రి."

"నిన్ను తాడు కట్టుమన్న. పార్టీ ఎట్ల చెయ్యాల్నో చెప్పుమన్ననా? చాతగాకుంటె దిగి పో. ఇలియాస్ కడుతడు."

ఇలియాస్‌కు ముగ్గురు పిల్లలు. వాళ్ళ యజమాని ఫహీమ్‌కు ఈ ఇంటి మీద ఏడాదికి పది పనులు వస్తాయి. తాను దిగి పోతే పిల్లవాడికి ఆ తాడే కట్టేస్తారని అంజన్నకు తెలుసు.

"తాతా, నేను ఎగురుత" అన్నాడు అరవింద్.

"ఎగురుదువు గని ఆగు బిడ్డా. ముందుగాల నేను పోయొస్త."

అంజన్న పిల్లవాడి నడుముకున్న బెల్టు విప్పాడు. పట్టీలన్నీ చివరి దాకా వదులు చేసి, బెల్టు తన నడుముకు బిగించుకున్నాడు.

"మంచిదే, కెమెరా సుత చూసుకుంట" అంటూ రంజిత్ ఇంకో ఎర్రగుడ్డ తెచ్చి అతని మెడకు కట్టబోయాడు. అంజన్న దాన్ని గుంజి మిద్దె మీద విసిరికొట్టాడు. ఇరవై రెండేళ్ళలో అతను ఒకరి వస్తువు విసరడం ఇలియాస్ చూడలేదు.

"జల్దీ కానీయ్" అన్నాడు శ్రీనాథ్.

"జల్దీయే, సారూ" అన్నాడు అంజన్న. "ఇలియాసు, మెల్లగ వదులు. నా దిక్కు చూడకు, తాడు చూడు."

రెండో అంతస్తు కిటికీ దాకా బాగానే దిగాడు. అక్కడ ఆపమన్నాడు. గోడను కాళ్ళతో తన్ని బరువంతా వేసి ఊగాడు. పిల్లలు నిలకడగా దిగరు, ఊగుతారు. ఒకసారి ఊగాడు. ఇంకోసారి. మూడో ఊపుకు మిద్దె మీద ఇలియాస్ చేతిలో తాడు తేలికైంది.

దవాఖానకు ఆ ట్రాలీ ఆటోలోనే తీసుకుపోయారు. దించని కుర్చీల నడుమ, ఇలియాస్ తువ్వాల తల కింద పెట్టి. రైలు గేటు పడి ఉంది. అది లేచేలోపలే అంజన్న ఊపిరి ఆగిపోయింది.

పార్టీ ఆగలేదు. అరగంట పాటలు ఆపారు. టెంటోళ్ళల్ల ఎవలికో దెబ్బ తగిలిందని శ్రీనాథ్ చుట్టాలతో చెప్పాడు. అరవింద్ మెట్ల మీదుగా దిగివచ్చి కేకు కోశాడు.

మర్నాడు పొద్దున సామాను ఎత్తడానికి ఇలియాస్ ఒక్కడే వచ్చాడు. అట్ట మేడలు మంచుకు తడిసి వంగిపోయాయి. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చాడు. కుర్చీ గుడ్డలకు అంటిన కేకు క్రీము మీద చీమలు పట్టాయి. చివరికి కేకు బల్ల ఎత్తబోతే ఒక కాలు పొట్టిగా తగిలింది. వంగి చూశాడు.

బల్ల ఊగకుండా ఆ కాలి కింద గోనెపట్ట పెట్టారు. ఐదు మడతలు, అంజన్న వేసినవి వేసినట్టే, నడుమ తాడు ఒత్తిన గీతతో.