దేవుడి పటం వెనక మట్టిగూడు

పాట పాడితే పురుగు మారుతుందా అన్న సందేహం నెట్టికంటప్పకు హాస్టలు రోజుల నుంచీ ఉంది, కందిరీగ పచ్చపురుగును మట్టిగూట్లో మూసి చుట్టూ ఝుమ్మని పాడి దాన్ని తనలా మార్చుకుంటుందని భజనలో అయ్యవారు చెప్పేవారు, కానీ గూడు మూసిన కందిరీగ తిరిగి రావడం అతను ఏనాడూ చూడలేదు, ఇప్పుడు జీన్సు ఉతికే యూనిట్లో రాత్రిపాళీ దిగివచ్చి నీలి వదలని వేళ్ళతో దేవుడి పటం జరిపితే వెనక అదే గూడు, అమావాస్య పూజ ఉండాది, గీకేయ్ అంటుంది భార్య నేత్రావతి, కళ్ళేమో మూతలు పడుతున్నాయి, చాకు కోసం బియ్యం మూట జరిపితే చుంచెలుక, దాని తోక మొదలు కరచుకుని ఒక పిల్ల, ఆ పిల్లను కరచుకుని ఇంకొకటి, రైలు పెట్టెల్లా గోడవార పోయాయి, తల్లంటే అది, అనుకున్నాడు, నాన్న చనిపోయిన ఏడాది అమ్మ దురుగమ్మ తమ్ముణ్ణీ చెల్లెల్నీ అలాగే కొంగు పట్టించుకుని బండ్రి వైపు గని పనికి పోయింది, ఏడేళ్ళ తనను మాత్రం బళ్ళారి హాస్టల్లో వదిలి, పెట్టెనిండా బొరుగులు, బెల్లం, ఒక కంబళి, జోపానమప్పా, మళ్ళా నాకియ్యల్ల అని, వెనక్కి చూడకుండా.

ముప్పైయేళ్ళు, కంబళి ట్రంకులోనే, ఇవ్వబుద్ధి కాలేదు, ఆ అమ్మే ఇప్పుడు నడవలో మంచం మీద, వచ్చి ఎనిమిది రోజులు, తింటివా అన్నమాట తప్ప అతను పలకరించలేదు, మధ్యాహ్నం బస్సుకు కూరెకుప్పలో తమ్ముడింటికి పోతుంది, ఏమప్పా, నా కంబళి ఈసారన్నా ఇస్తావా, సచ్చినాంక కప్పుతావా, అని నవ్వుతుంది.

చాకు మొన గూటికి ఆనింది, వద్దు నాయనా అంది కూతురు భూమిక, లోపల గుడ్డుంటాది, ఆ పురుగులు పిల్లకు అన్నం, రెక్కలొచ్చేదాకా సరిపోయేంత పెట్టి పోతాది, మరి పాట, పాట లేదు నాయనా, మట్టి మెత్తేటప్పుడు రెక్కల సప్పుడు అది, పాట లేదు, అన్నం ఉంది, అమ్మా పెట్టె నింపే పోయింది, ఆనాడు ఇంట్లో కంబళ్ళెన్ని, ఒకటే కదా, నలుగురూ దాని కిందే కదా, రోజూ దేవుడి ముందు కూర్చునే తనకు ఇన్నేళ్ళూ ఈ మాట తట్టలేదే.

అమ్మా, బండ్రిలో ఆ చలికి మీరేం కప్పుకుంటిరి, గోనెసంచులప్పా, మేము ముగ్గురం ఒకచోట పండుకుంటాంటిమి, నువ్వొక్కనివే కదా.

పటం మెల్లగా గూటి మీదికే జరిపాడు, ట్రంకు తెరిచి కంబళి తెచ్చి ఆమె కాళ్ళమీద కప్పాడు, అమ్మ ఈసారి నవ్వలేదు, అంచు పట్టుకుని యాడన్నా చిరిగిందేమోనని వేళ్ళతో తడుముకుంటూ పోయింది.