ఆగని పంపు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోరు మంచిది కాదని మా అపార్ట్‌మెంట్ అంతటికి ఎరుకే. కిష్టారెడ్డిపేటల నాతోని కొట్లాడి గెలిచినోళ్లు లేరు. గసొంటి నోరు, అరవాల్సిన దినం మాత్రం మూతబడ్డది.

మా ఆయన నవీన్‌కుమార్ ఒక మందుల కంపెనీల కాంట్రాక్టు లేబరు. రాత్రి డ్యూటీ జేసి పొద్దుగాల వస్తడు. ఆ దినం తోటి పనోడు బండి మీద తెచ్చి గేటు కాడ దింపిపోయిండు. మొఖం ఉడికినట్టు ఎర్రగున్నది, కండ్లు మూసుకునే మెట్లెక్కిండు. పైపు ఊడి మందుల గలిపే కెమికల్ మొఖాన చిమ్మిందట. అట్ల పడితే కింద నిలబడనీకి కంపెనీల షవరుంటది గాని, దాంట్ల నీళ్లే రాలేదట. రెండు బకీట్లు గుమ్మరించి, "ఇంటికి పోయి మంచిగ తానం జెయ్యి, ఎవరికి జెప్పకు" అన్నడట సూపర్‌వైజర్. వాని నోట్ల మన్నువడ!

అంగీ గూడ ఇప్పకుండ మా షవరు కింద నిలబడ్డడు. "కండ్లల్ల నీళ్లు పడుతనే ఉండాలె సుమిత్రా. ఆగితే కండ్లు పోతయ్. ట్రైనింగుల జెప్పిండ్రు" అన్నడు. నీళ్లు పడుతుంటే జెర ఓర్సుకుంటుండు, మొఖం పక్కకు జరిగితే కేక పెడుతుండు.

"108కు ఫోన్ జేస్త" అన్న.

"వద్దే! కేసైతది. కేసైతే మళ్ల గేటు లోపలికి రానియ్యరు. ఆటో తే, పెద్ద దవాఖానకు పోదం. అప్పటిదాంక ఈడనే నిలబడుత."

జల్దీ జల్దీ బయటికొచ్చి తలుపు దగ్గరికేసి తాళం పెట్టిన. ఎందుకు పెట్టినవే అంటే ఏం జెప్పాలె? రోజు గదే పని. రాత్రి డ్యూటీ మనిషి పగలు పండాలె. తాళం లేకుంటే ఎవరో ఒకరు బెల్లు కొట్టి లేపుతరు. మా దిక్కు డ్యూటీలోళ్ల ఇండ్లల్ల పెండ్లాలు చేసే పనే ఇది, బయట తాళమేసి, అడిగినోళ్లకు ఇంట్ల ఎవ్వరు లేరని చెప్పుడు. చేతికి అలవాటు పడ్డది, చెయ్యే ఏసింది.

కింద పంపు రూముల మా సెక్రటరీ మురళీమోహన్ సార్, మెకానిక్ షంషేర్ ఉన్నరు. మాకు మీద ట్యాంకి లేదు, పంపే సంపుల నీళ్లు సక్కగ ఇండ్లకు తోలుతది. ఎవరన్న నల్లా తిప్పితే తనంత తనే చాలైతది, అన్ని నల్లాలు బంద్ జేస్తే తనే ఆగుతది. నిన్నటి సంది ఆగుతలేదని షంషేర్‌ను పిలిపిచ్చిండ్రు.

"కొత్త స్విచ్ ఏసిన సార్, అయినా ఆగుతలేదు" అంటుండు షంషేర్. "నీళ్లు ఎన్కకు రాకుండ ఆపే వాల్వ్ గూడ ఇప్పి సూసిన, మంచిగనే ఉంది. ఇగ పంపుల ఖరాబ్ లేదు. ఎవరింట్లనో నీళ్లు పోతున్నయ్."

"అందరితో నల్లాలు కట్టేయించాను కదయ్యా" అని మురళీమోహన్ సార్ నా దిక్కు తిరిగిండు. "సుమిత్రమ్మా, మీ ఇంట్లో?"

మా ఆయనను పనిల పెట్టిన కాంట్రాక్టర్ ఈ సార్‌కు సొంత బామ్మర్ది. చెప్తే సాయంత్రంలోపల కంపెనీకి తెలుస్తది. "ఇంట్ల ఎవ్వరు లేరు సార్" అని రోడ్డు మీదికి ఉరికిన.

షిఫ్టు మారే టైం. వచ్చిన ప్రతి ఆటో లేబర్‌తోని నిండి ఉంది, చెయ్యి ఊపితే ఒక్కడు ఆపడు. పటేల్‌గూడ దిక్కు ఉరుక్కుంట పోయి, ఛాయ్ తాగుతున్న ఆటో ఆయన కాళ్లు మొక్కి తోల్కొచ్చిన. గేట్లకు రాంగనే పంపు రూము దిక్కు సూసిన. పంపు చప్పుడు లేదు.

షంషేర్ చేతులు తుడుసుకుంట నవ్విండు. "దొరికింది అక్కా! ఒక్కొక్క ఇంటి వాల్వ్ బంద్ జేసుకుంట వచ్చిన. మీది బంద్ జేయంగనే పంపు టక్కున ఆగింది. పైకి పోయి సూస్తే తాళం. పైపు పగిలి ఇల్లంత నీళ్లైతయని బందే ఉంచిన. నేను కిందికి దిగినంక మీద దబదబ కొడుతుండ్రు, ఎవరింట్లనో టైల్సు పని నడుస్తున్నట్టుంది."

"ఇప్పురా! వాల్వ్ ఇప్పు! లోపట నా మొగుడున్నడు!"

అప్పుడు లేసింది నా నోరు. మూడంతస్తులు ఎట్ల ఎక్కిన్నో తెల్వదు. జల్దీల తాళంల తాళంచెవి దూరుతలేదు. తలుపు తీస్తే అది ఆయనకు తగిలి ఆగింది. గడప కాడనే పడున్నడు, కొట్టి కొట్టి పిడికిళ్లు పగిలినయ్. తాగే నీళ్ల బిందె బోర్ల పడున్నది. లెట్రిన్ల ఫ్లష్ ట్యాంకి మూత ఊడదీసి, దాంట్ల నీళ్లు గూడ దోసిట్ల తీసి కండ్లల్ల పోసుకున్నడు. నేను పిలిస్తే కండ్లు తెరిచిండు. నల్లగుడ్ల మీద మీగడ కట్టినట్టు తెల్లగైంది.

దవాఖానల డాక్టరమ్మ సూసి, "కడుగుడు మధ్యల ఎందుకు ఆపిండ్రమ్మా?" అని అడిగింది. రెండు కండ్లు ఇగ రావని చెప్పింది. నేను గోడకు తల కొట్టుకున్న. తిట్టనీకి సూపర్‌వైజర్ ఉన్నడు, కంపెనీ ఉంది, షంషేర్ ఉన్నడు. అందరిని తిట్టిన. తాళంచెవి నా కొంగుకే ఉన్నది.

కట్లు కట్టినంక మంచం మీద నా చెయ్యి పట్టుకొని పండుకున్నడు. అట్లనే అడిగిండు, "నీళ్లెందుకు ఆగినయే?"

"కరెంటు పోయింది" అన్న.

మెల్లగ నా చెయ్యి ఇడిశిపెట్టిండు.

"ఇంట్ల ఫ్యాను తిరుగుతనే ఉండె, సుమిత్రా" అన్నడు.