డోరతీ పక్క సీటు

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా ఆయనకు ఆ రుచి డెబ్బయ్యో ఏట తెలిసింది. 2011 వేసవిలో, ఆరు నెలలు ఉందామని అమెరికాలో, నేపర్‌విల్‌లో మా అమ్మాయి భానుశ్రీ ఇంటికి వచ్చాం. వచ్చిన పదో రోజునుంచీ ఈయనకు ఒకటే పని, టీ తాగడం, పక్కింటి గరాజ్‌లోకి దూరడం. ఆ ఇంట్లో డోరతీ అని డెబ్బై రెండేళ్ళ ముసలామె ఒక్కతే ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు మట్టి ట్రాక్ మీద కార్ల పందేలకు వెళ్ళేదట. అప్పటి పసుపు కారు ఇంకా ఆ గరాజ్‌లోనే ఉంది.

మా ఆయన యాదయ్య కోదాడ డిపోలో ముప్పై రెండేళ్ళు బస్సు నడిపాడు. ఈయనకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. గేరు, క్లచ్చు, బ్రేకు, టర్నింగు... ఈ నాలుగు మాటలతో రోజూ రెండు గంటలు కబుర్లు! కిటికీలోంచి చూస్తే ఈయన పకపకా నవ్వుతూ కనిపించేవాడు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ పళ్ళు నేను చూసిన పాపాన పోలేదు. అవును, కుళ్ళుకున్నాను. అబద్ధమెందుకు?

ఆయన బస్సు నేనెక్కింది నాలుగైదుసార్లు. ఎక్కినా ముందు సీట్లో కూర్చోనిచ్చేవాడు కాదు. "డ్రైవర్‌తో మాట్లాడరాదు" అన్న బోర్డు చూపించి, "ఎనకకు పో, జనం నవ్వుతరు" అనేవాడు. ఇంటికొచ్చాక కూడా ఆ బోర్డు మెడలో వేసుకున్నట్టే ఉండేవాడు. కూర బాగుందా అంటే "ఊఁ". జ్వరమొచ్చి పడుకున్నా, ఎట్లున్నవని అడిగే మనిషి కాదు.

జూలైలో ఒక ఆదివారం పాత డ్రైవర్ల పందెం ఉందని డోరతీ మమ్మల్ని పిలిచింది. ఊరవతల మొక్కజొన్న చేల మధ్య గుండ్రటి మట్టి ట్రాక్. ఆరు పాత కార్లు, మూడు చుట్లు. డ్రైవరు పక్కన ఒకరిని ఎక్కించుకోవచ్చట. ఆ సీటు తనదేనని ఈయన వారంనుంచీ మురిసిపోతున్నాడు. నున్నగా గడ్డం గీసుకుని, అల్లుడు కొన్న కొత్త చొక్కా తొడిగాడు. ముసలోడికి దసరా పండగ!

డోరతీ హెల్మెట్ తెచ్చి ఈయన చేతికి ఇవ్వబోయింది. నాకేమైందో తెలియదు, మధ్యలో చెయ్యి పెట్టి లాక్కున్నాను.

"నేను కూసుంట."

"కోటమ్మా, నీకేం తెల్వదు. అది పందెం కారు!" అన్నాడు ఈయన.

"నడిపేది ఆమె. నాకు తెల్వకుంటేంది? ఈడనన్న ముందట కూసుంట."

"అమ్మా, సేఫ్ కాదు! బీపీ టాబ్లెట్ వేసుకున్నావా అసలు?" అని భానుశ్రీ గోల. డోరతీ మాత్రం నా భుజం తట్టి నవ్వింది. ఆ నవ్వుకూ ఒళ్ళు మండింది.

కారు దగ్గరికి పోయి తలుపు తీయబోతే పిడి లేదు. తలుపులన్నీ వెల్డింగ్ చేసేశారు! కిటికీలోంచే దూరాలట. ఇంత దూరం వచ్చాక సిగ్గేమిటి? నాట్లప్పుడు కట్టినట్టు చీర గోచీ పోసి, కొప్పు విప్పి, హెల్మెట్ పెట్టుకుని, కాళ్ళు ముందు పెట్టి లోపలికి జారాను. నాలుగు వైపులా బెల్టులు బిగించారు.

జెండా ఊపారు. అమ్మో, ఏం చప్పుడది! మొదటి మలుపులో కారు వెనకభాగం గోడవైపు ఈడ్చుకుపోయింది. చచ్చాననుకున్నాను. మలుపు ఎడమకైతే డోరతీ స్టీరింగ్ కుడికి తిప్పుతోంది! అయినా కారు చక్కగా మలుపు తిరిగింది. మట్టి పెళ్ళలు హెల్మెట్ మీద టపటపా పడుతున్నాయి. రెండో చుట్టులో కళ్ళు తెరిచాను. మూడో చుట్టులో ముందున్న ఎర్రకారు దగ్గరికొచ్చింది. "పోనియ్యి! పోనియ్యి!" అని అరిచింది నేనే. ఆ ఎర్రకారును దాటేశాం. ఆ కాసేపు నాకు యాదయ్య గుర్తే లేడు.

మూడో స్థానం వచ్చింది. నన్ను కిటికీలోంచి బయటికి లాగి డోరతీ ఏదో చెప్పింది. భానుశ్రీ దాన్ని తెలుగులో చెప్పింది. "వాళ్ళాయన ఈవిడ రేస్ చూడ్డానికి ఒక్కసారి కూడా రాలేదటమ్మా. కార్లో నువ్వు అరుస్తుంటే చాలా బాగుందంటోంది."

పాపం అనిపించింది. రవ్వంతే.

ఈయన ముఖం మాత్రం మాడిపోయి ఉంది. ఇప్పుడు కుళ్ళుకోవడం ఆయన వంతు. ఇంటికి వస్తూ భానుశ్రీ డ్రైవ్ చేస్తుంటే, ఎప్పుడూ ముందు కూర్చునే మనిషి వెనక నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"మలుపుల క్లచ్చు తొక్కిందా?"

విప్పిన జుట్టును మళ్ళీ కొప్పు చుట్టుకున్నాను.

"ఎర్రకారును ఏ దిక్కునుంచి దాటింది?"

కొంగుతో ముఖం మీది మట్టి తుడుచుకుంటూ బయటికి చూశాను.

నా వైపు ఇంకొంచెం జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు భయపడ్డవా, కోటమ్మా?" అన్నాడు.

నలభై నాలుగేళ్ళలో నా గురించి ఆయన అడిగిన మొదటి మాట అది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"రేపు చెప్త" అన్నాను.

ఇప్పుడే చెప్పేస్తే అడగడం మానేస్తాడు.